స్టిక్కరు కింద నూనె

శబ్దం చేసే యంత్రం కనిపిస్తే నా చెయ్యి ఇప్పటికీ నూనె సీసా కోసం వెతుకుతుంది. ఇంట్లో ఫ్యాన్ కిర్రుమన్నా, పక్కింటివాళ్ల గేటు మూలిగినా కూర్చోలేను. "రిటైరైనా ఈ పాడు అలవాటు పోలేదు" అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఆ అలవాటు వల్ల ఒక మనిషికి ఎంత నష్టం జరిగిందో ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు.

మా వీధిలో కంప్యూటర్ రిపేరు నేర్చుకుంటున్న పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. సాయంత్రం పూట వచ్చి అరుగు మీద కూర్చుని, మీ కాలంలో ఎట్లుండేది సార్ అని అడుగుతారు. ఫ్లాపీలో పెళ్లిపత్రిక పెట్టుకుని పుంగనూరు నుంచి పరిగెత్తుకొచ్చిన పెళ్లికొడుకు కథలాంటివి చెప్పి నవ్వించి పంపిస్తుంటాను. ఇది మాత్రం వాళ్లకు కూడా చెప్పలేదు. నోటితో చెప్తే నన్ను నేను కొంచెం మంచివాడిగా దిద్దుకుంటానేమోనని భయం. రాస్తే ఆ వీలు తక్కువ అనుకుంటున్నాను.

నేను మొదట్నుంచీ కంప్యూటర్ మనిషిని కాను. తొంభైల్లో మదనపల్లెలో నాది టైపు మిషన్ల రిపేరు. పొద్దున్నే ఆరింటికి ఇన్‌స్టిట్యూట్లు తెరిచేవాళ్లు. వీధి మొదట్లోకి రాగానే టకటకమని శబ్దం వినిపించేది. ఆ శబ్దంలోంచే ఏ మిషన్‌కు జబ్బు చేసిందో చెప్పేవాణ్ని. పుంగనూరు కోర్టు దగ్గర కూర్చునే టైపిస్టులు, సదుం, చౌడేపల్లె ఆఫీసుల గుమాస్తాలు అందరూ నాకోసం కబురు పంపేవాళ్లు. నా సంచిలో రెండు స్క్రూడ్రైవర్లు, ఒక బ్రష్షు, సన్నటి మూతి ఉన్న నూనె సీసా. సగం జబ్బులకు మందు ఆ సీసాలోనే ఉండేది. ఏ కీ మొరాయించినా ఒక చుక్క, ఏ చక్రం అరిచినా ఒక చుక్క. చుక్క పడగానే మిషన్ గమ్మున అయిపోయేది, ఎదుటి మనిషి మొహం వెలిగిపోయేది. అలా మొహాలు వెలిగించడం నాకు మత్తుగా మారిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ తర్వాత నాలుగైదేళ్లలోనే ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు మారిపోయాయి. టైప్ అనే మాట చెరిపేసి కంప్యూటర్ అని రాయించుకున్నారు. కబుర్లు ఆగిపోయాయి. నలభై దాటాక నేను కూడా బెంచీ మీద పిల్లల పక్కన కూర్చుని హార్డ్‌వేర్ కోర్సు చేసి, మదనపల్లెలోనే ఒక కంప్యూటర్ల దుకాణంలో సర్వీసు పనికి చేరాను. యజమాని నాకంటే పదేళ్లు చిన్నవాడు. మనిషి మంచివాడే, కానీ వారంటీ అనే మాట వినిపిస్తే మాత్రం మొహం గట్టిపడేది. వస్తువు వారంటీలో ఉంటే దాని మీద మనం స్క్రూడ్రైవర్ పెట్టకూడదు. పెట్టెలో సర్ది, ఫారం నింపి, చెన్నైలో కంపెనీ సర్వీసు సెంటరుకు పంపాలి. వాళ్లు చూసి, బాగు చేసో కొత్తది ఇచ్చో తిరిగి పంపిస్తారు. దానికి నెల పట్టేది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

నాకు అది మహా విడ్డూరంగా ఉండేది. చుక్క నూనెతో పోయేదానికి చెన్నై దాకా ప్రయాణమా? చేరిన కొత్తలోనే సదుంలో ఒక స్కూలు కంప్యూటర్ ఫ్యాన్‌కు అలవాటు చొప్పున నూనె వేసి వచ్చాను. అది తిరిగి మా దుకాణానికే వచ్చింది. యజమాని అందరి ముందూ నా సంచి తెరిచి సీసా బయటికి తీశాడు.

"ఇది టైపు మిషన్ కాదప్పా. ఇంగోసారి వారంటీ వస్తువు మీద నూనె కనిపిస్తే నువ్వు ఈడికి రావాల్సిన పనిల్యా" అన్నాడు.

సీసా నా సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆ రోజు నుంచీ సంచిలో మోయలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకు కూడా చెప్పుకోలేదు. రెండోసారి పని పోతే మూడో పని నేర్చుకునే వయసు కాదని నాకు బాగా తెలుసు.

దుకాణంలో నా ఎదురు బల్ల మీద వారంటీ ఫారాలు నింపే ఒకావిడ ఉండేది. అందరం ఆమెను ఫారాల మేడం అనేవాళ్లం. ముత్యాల్లాంటి అక్షరాలు. ఫారంలో ఏ గడీ ఖాళీగా వదిలేది కాదు, మమ్మల్ని వదలనిచ్చేది కాదు. వస్తువు చూసిన మనిషి సంతకం పెట్టకపోతే ఫారం కదిలేది కాదు. సీలు సరిగ్గా ఉందా, ఎవరైనా తెరిచారా అనే రెండు ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ నోటితో అడిగి, మేము చెప్పింది విని అప్పుడు రాసేది. మాకు చాదస్తంగా అనిపించి వెనకాల నవ్వుకునేవాళ్లం.

కుప్పంలో ఒక ఫోటో స్టూడియో మా దుకాణానికి పాత గిరాకీ. స్టూడియో యజమాని యాభై ఏళ్ల మనిషి, పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీసేవాడు. తీసిన క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి, పాటలు కలిపి, పూలూ నక్షత్రాలూ తిప్పి, సీడీ చేసి ఇవ్వాలి. దాన్ని మిక్సింగ్ అనేవాళ్లు. ఆ పని చేసే పాత ఆపరేటరు ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేసి, బస్టాండు దగ్గర సొంతంగా స్టూడియో పెట్టుకున్నాడు. అప్పటిదాకా ఆల్బమ్‌లకు అట్టలు అంటించే ఒకమ్మాయి, అతని వెనక నిలబడి చూసి చూసి నేర్చుకున్న పనితో ఆ కుర్చీలో కూర్చుంది.

అమ్మాయి అంటున్నాను గానీ, అప్పటికి ముప్పైకి దగ్గరగా ఉంటుంది. భర్త గ్రానైట్ లారీ నడిపేవాడు. అంతకుముందు ఇంట్లో కుట్టు మిషన్ తొక్కుకునేది. ఇంగ్లీషు పెద్దగా రాదు, మెనూలో ఏ మాట ఎన్నో వరుసలో ఉందో గుర్తుపెట్టుకుని పని చేసేది. తాళి కట్టే చోట పెళ్లికూతురి తల్లి మొహం ఎక్కడ చూపించాలో, అప్పగింతల్లో పాట ఎక్కడ ఆపాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్లివాళ్లు వచ్చి ఆమె చేసిన సీడీయే కావాలని అడగడం మొదలుపెట్టాక, స్టూడియో యజమాని ముచ్చటపడి సీడీ చివర మిక్సింగ్ అని రాసి కింద ఆమె పేరు వేయించాడు. రెండు సెకన్లు కనిపించి పోయేది. నేను వెళ్లినప్పుడల్లా ఆ రెండు సెకన్లూ చూపించేది. "సూడన్నా, నా పేరు తిరగతా వస్తాది" అనేది. అంత సంతోషం నేను మళ్లీ ఏ కంప్యూటర్ ముందూ చూడలేదు.

మిక్సింగ్ వేగంగా జరగాలని ఆ కంప్యూటర్‌కు మేమే గ్రాఫిక్స్ కార్డు వేశాం. తెర మీద బొమ్మలు నడిపించే పలక అది. దానికి అరచేతిలో సగం ఉండే చిన్న ఫ్యాన్, వేడి ఎక్కకుండా. ఏడాది కాకముందే ఆ ఫ్యాన్ అరుస్తోందని స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది. రెండు వేల అయిదో, ఆరో సంవత్సరం. వరసగా పెళ్లి ముహూర్తాలున్న నెల.

మదనపల్లె నుంచి కుప్పం అంటే సగం రోజు ప్రయాణం. పుంగనూరు దాటి, పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా వెళ్లి చేరేసరికి మధ్యాహ్నమైంది. స్టూడియో యజమాని ఏదో పెళ్లికి కెమెరాతో వెళ్లాడు. ఆమె ఒక్కతే ఉంది. బల్ల మీద క్యాసెట్లు కుప్పగా ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో పెళ్లి పేరు.

క్యాబినెట్ తెరిచి చూశాను. ఫ్యాన్ తిరుగుతోంది గానీ గరగరమంటోంది, మధ్యలో తడబడుతోంది.

"ఇది చెన్నైకి పోవల్లమ్మా. నెల పడుతుంది" అన్నాను.

ఆమె క్యాసెట్ల కుప్ప వైపు చెయ్యి చూపించింది. "నెలా? ఈ నెల్లో నేను పని ఆపితే ఈ క్యాసెట్లన్నీ పాతాయన కాడికి పోతాయన్నా. ఆయప్ప ఎప్పుడెప్పుడా అని సూస్తాండాడు. మా సార్ ఇంగో ఆపరేటర్ని తెచ్చుకుంటాడు. ఈ కుర్చీ ఇడిస్తే మల్ల నాకు రాదు."

"వారంటీలో ఉండాది. నేను ముట్టుకోకూడదు."

"మాకు కుట్టు మిషన్ అరిస్తే రొంత నూనె ఏస్తాం. దీనికి ఎయ్యరా?"

ఆ మాట నాకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. రెండేళ్లుగా నేను మనసులో అంటున్న మాట. సీసా లేదు కదా అన్నాను, లేదనే చెప్పి తప్పుకోవచ్చు గదా అని లోపల అనుకుంటూనే. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. కింద టైలర్ కొట్టు నుంచి కుట్టు మిషన్ నూనె సీసా పట్టుకొచ్చింది. సన్నటి మూతి, అచ్చం నా సీసాలాంటిదే.

ఫ్యాన్ నడి మధ్యలో గుండ్రటి స్టిక్కరు ఉంటుంది. దాని కిందే ఇరుసు. ఆ స్టిక్కరు మీద, తీస్తే వారంటీ చెల్లదని ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. నేను వాటిని చదివాను. చదవలేదని ఎవరికైనా చెప్పుంటే అబద్ధం. బ్లేడు మొనతో సగం దాకా పైకి లేపాను, చిరగకుండా. ఒక చుక్క వేశాను. తిప్పి చూశాను. ఇంకా కొంచెం బరువుగా అనిపించింది. ఇంకో చుక్క. మళ్లీ కుప్పం దాకా రావాల్సిన పని పడకూడదని మూడోది. టైపు మిషన్‌కైతే అది సరైన లెక్కే. నిమిషానికి వేలసార్లు తిరిగే ఫ్యాన్‌కు మూడు చుక్కలు ఏం చేస్తాయో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. స్టిక్కరు మళ్లీ అతికించి బొటనవేలితో నొక్కాను. ఎవరు చూసినా కనిపెట్టలేరు అనుకున్నాను.

కరెంటు ఇవ్వగానే ఫ్యాన్ చప్పుడు లేకుండా తిరిగింది. ఆమె చెవి దగ్గర పెట్టి విని, పెద్దగా నవ్వింది. టీ తెప్పించింది. ఆ టీ తాగుతూ నేను హుషారుగా నా టైపు మిషన్ల కథంతా చెప్పాను. ఎలా పోయాయో, నలభై దాటాక పిల్లల పక్కన ఎలా కూర్చున్నానో, సదుం స్కూలు ఫ్యాన్, యజమాని తిట్టడం, అన్నీ. చివర్లో అన్నాను.

"ఇది మాత్రం యాడా చెప్పొద్దమ్మా. తెలిస్తే నా పని పోతాది. ఈ వయసులో ఇంగో పని నేర్చుకునేది నా వల్ల కాదు."

"నేనెందుకు చెప్తానన్నా. అడిగింది నేనే కదా" అంది. స్టూడియో యజమానికీ, మా దుకాణంలోనూ దుమ్ము తుడిస్తే శబ్దం పోయిందనే చెప్పాను.

మూడు వారాలకే తెర మీద గళ్లుగళ్లుగా రంగులు పడి, తర్వాత పూర్తిగా నల్లబడింది. వెళ్లి చూస్తే ఫ్యాన్ కదలడం లేదు. నూనె బయటికి చిమ్మి, దుమ్ముతో కలిసి ముద్దయి, ఇరుసును పట్టేసింది. వేడికి కార్డే కాలిపోయింది. నూనె వేయకుండా ఆ రోజే చెన్నైకి పంపి ఉంటే నెలకు కొత్త ఫ్యాన్‌తో తిరిగొచ్చేది. ఆ సంగతి క్యాబినెట్ తెరిచిన క్షణంలోనే నాకు అర్థమైంది. గుడ్డతో తుడిచాను, కనిపించినంత మేరకు.

మదనపల్లెకు తెచ్చి ఫారాల మేడం ముందు పెట్టాను. కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"సీలు సరిగ్గా ఉండాదా?"

"ఉండాది."

"ఎవరైనా తెరిచినారా?"

"లేదు మేడం."

ఆమె కలం పట్టుకుని, రాయకుండా ఒక క్షణం నా వైపు చూసింది. "బాగా సూసినారు కదా?" అని మళ్లీ అడిగింది. చూశానన్నాను. ముత్యాల అక్షరాలతో లేదు అని రాసి, సంతకం కోసం ఫారం నా వైపు తిప్పింది. పెట్టాను. చెన్నైలో రోజుకు వందల కార్డులు వస్తాయి, ఇంత చిన్నదాన్ని ఎవరు చూస్తారులే అనుకున్నాను.

చూశారు. చూడటమే వాళ్ల పని. కార్డు తిరిగొచ్చింది, దానితో ఒక చీటీ. ఫ్యాన్ స్టిక్కరు తీసి అతికించారు, లోపల నూనె ఉంది, వారంటీ చెల్లదు. మా యజమాని ఆ చీటీ చదివి నా వైపు చూశాడు. నేను తల దించలేదు. దించకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

"నువ్వా?" అన్నాడు.

"నా సీసా సొరుగులోనే ఉండాది సార్" అన్నాను. అది నిజమే. సొరుగు తెరిచి చూపించాను కూడా. నిజంతో కూడా అబద్ధమాడొచ్చని అప్పుడే తెలిసింది.

"అట్లైతే వాళ్ల కాడనే ఎవురో తెరిచినారు. పోయి అడిగి, రాయించుకోని రా" అని నన్నే కుప్పం పంపాడు.

ఈ సంగతంతా రాయడానికి కూర్చున్నది ఆ రోజు కోసమే. స్టూడియోలో యజమాని ఉన్నాడు, ఆమె ఉంది. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. కార్డు లేక పని ఆగి, క్యాసెట్లలో సగం అప్పటికే బస్టాండు దగ్గరికి తరలిపోయాయి. చీటీ ఆయన చేతికిచ్చి, చదివి చెప్పాను. ఆయన ఆమె వైపు తిరిగాడు.

"దీన్ని ఎవురు తెరిచిండేది?"

"నాకు తెలీదు సార్. నేను ముట్టుకోలేదు."

"నువ్వు ముట్టుకోలేదు, నేను ముట్టుకోలేదు. మల్ల నూనె యాడ్నుంచి వచ్చె? తాళం నీ కాడనే కదా ఉండేది?"

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టూ కాదు. నేను నోరు తెరిస్తే వినడానికి సిద్ధంగా ఉన్నట్టు చూసింది. నేను గుడ్డ తీసి క్యాబినెట్ మీదికి వంగాను. పక్క పలక స్క్రూ ఒకటి చేతికి తగిలింది. దాన్ని బిగించడం మొదలుపెట్టాను. అది ముందే బిగిసి ఉంది. అయినా తిప్పుతూనే ఉన్నాను.

"పోయిన నెల్లో పాత ఆపరేటరు వచ్చిండె కదా, ఏవో క్యాసెట్లు మర్చిపోయినానని. నేను లేనప్పుడే యాల వచ్చినాడు? వాడు తెరిచినాడా? నువ్వు తెరవనిచ్చినావా?"

"ఆయప్ప వాకిట్లోనే నిలబడి పోయినాడు సార్. మిషన్ కాడికి రాల్యా."

"వాడు తెరవకపోతే, నువ్వు తెరవకపోతే, గాలికి తెరుచుకునిందా?"

ఆయన అనుమానం నా వైపు రాకుండా, ఆమె మీద నుంచి ఆ పాత ఆపరేటరు మీదికీ అక్కణ్నుంచి మళ్లీ ఆమె మీదికీ పోవడం నాకు స్పష్టంగా తెలుస్తోంది. దాచి లాభం లేదు. ఆ క్షణంలో నాకు హాయి అనిపించింది. మెడ మీద నుంచి ఎవరో చెయ్యి తీసినట్టు అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

అయిపోయాక స్టూడియో యజమాని నాకు టీ కూడా ఇప్పించాడు. రిపోర్టులో కస్టమర్ దగ్గర తెరవబడినది అని రాసి ఆయన చేత సంతకం చేయించుకున్నాను. మాట వరసకు అందులో అబద్ధం లేదు. తెరిచింది కస్టమర్ దగ్గరే. ఎవరు తెరిచారో రాసే గడి ఆ కాగితంలో లేదు. మెట్లు దిగుతుంటే టైలర్ కొట్టు దగ్గర కుట్టు మిషన్ చప్పుడు వినిపించింది. అటు చూడకుండా బస్టాండుకు నడిచాను. పలమనేరు దాకా బస్సులో నాకు నేను నచ్చజెప్పుకుంటూనే ఉన్నాను. నాలుగు రోజులు కోప్పడి మర్చిపోతాడు, ఆమెలాంటి పనిమంతురాలిని ఎవరైనా వదులుకుంటారా అని.

వదులుకున్నాడు. నాలుగైదు నెలల తర్వాత కుప్పంలో ఒక కాలేజీ ల్యాబు పని పడింది. రెండు రోజులు అక్కడే ఉండాలి. స్టూడియో ముందు నుంచి వెళ్తూ పైకి చూస్తే, కిటికీలో కంప్యూటర్ ముందు ఎవరో మీసాల అతను కూర్చుని ఉన్నాడు. పైకి ఎక్కలేకపోయాను.

మర్నాడు ల్యాబుకు కావాల్సిన కేబుళ్ల పార్శిల్ రైల్లో వస్తుందంటే తెల్లవారగానే స్టేషన్‌కు వెళ్లాను. బెంగుళూరు వైపు పోయే రైలు కోసం ప్లాట్‌ఫారం నిండా జనం, సగం మంది ఆడవాళ్లు, చేతుల్లో క్యారియర్లు. వాళ్లలో ఆమె కనిపించింది. నేనే ముందు చూశాను. పక్కకు తప్పుకుందామనుకున్నాను కూడా. ఈలోపు ఆమె "అన్నా" అని పిలిచింది.

"ఈడ యాల ఉండావమ్మా?" అన్నాను, తెలియనట్టు.

"గార్మెంట్స్‌కి పోతాండా అన్నా. దినామూ ఈ రైలే. పొద్దన పోతే సాయంత్రం చీకటి పడినాక వస్తాం. చొక్కాలకు కాలర్లు కుట్టేది నా పని." నవ్వింది. తర్వాత మొట్టమొదట అడిగింది ఇది. "కొత్త కార్డు ఏసినారంట కదా. ఆ ఫ్యాన్ శబ్దం వస్తాందా?"

"తెలీదమ్మా. నేను పైకి పోలేదు."

"దుమ్ము తుడవమని చెప్పండన్నా. నేను వారానికొకసారి బ్రష్షుతో తుడిచేదాన్ని. ఆ కొత్తాయనకు తెలుసునో ల్యాదో."

అంతకుమించి ఆగలేకపోయాను. "ఆ పొద్దు నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాను. అడగాల్సిన ప్రశ్న అది కాదని నాకు తెలుసు. అయినా నోట్లోంచి అదే వచ్చింది.

ఆమె రైలు వచ్చే వైపు చూసింది. "యాడా చెప్పొద్దంటిరి కదన్నా, పని పోతాదని. నాకు మిషన్ కుట్టేది వచ్చు. యాడికి పోయినా బతుకుతా. టైపు మిషన్లు పోయినాయి, మీకు ఇంగేం వచ్చుననుకుంటి." కొంచెం ఆగి, మెల్లగా అంది. "అయినా మీరే చెప్తారులే అనుకుంటిని. నేను చెప్తే చాడీ మాదిరి ఉంటాది. మీరు చెప్తే మా సార్ వినిండును."

రైలు వచ్చింది. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా ముందుకు తోసుకున్నారు. ఆమె క్యారియర్ నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని ఎక్కేసింది. కిటికీలోంచి చెయ్యి ఊపిందో లేదో నాకు కనిపించలేదు. కళ్లు సరిగ్గా పనిచేయలేదు ఆ పూట.

పార్శిల్ సంగతి మర్చిపోయి నేరుగా స్టూడియోకు నడిచాను. యజమాని అప్పుడే తాళం తీసి సాంబ్రాణి పుల్ల వెలిగిస్తున్నాడు. నిలబడే చెప్పాను, మొత్తం. నూనె, స్టిక్కరు, మూడు చుక్కలు, టైలర్ కొట్టు సీసా, ఫారం మీద నా సంతకం. మా దుకాణానికి ఫోన్ చేసి చెప్పమన్నాను. నా పని పోయినా సరే, ఆమెను మళ్లీ పిలవమన్నాను.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. సాంబ్రాణి పుల్లను దేవుడి పటం ముందు గుచ్చి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఫోన్ చేసి ఏం జేస్తునప్పా? నీ పని గూడా పోతే ఎవురికి లాభం?" అన్నాడు. "ఆ యమ్మకు మొన్ననే కబురు పంపినా, రమ్మని. కొత్తోడి పని బాగల్యా. రానని చెప్పిచ్చింది. మాట మీద నమ్మకం లేని చోట కూసోను సార్ అనిందంట."

 నేను వెనక్కి తిరిగి మెట్ల వైపు వెళ్లబోతుంటే ఆయనే మళ్లీ అన్నాడు.

"ఆ పొద్దు నేను అడిగినప్పుడు ఆ యమ్మ నీ పక్కకు తిరిగి సూసె కదప్పా. నేను గూడా సూస్తిని. కార్డు గురించి ఏందో నిన్ను అడగతాండాదేమో అనుకుంటిని. నువ్వు పనిలో ఉండావులే అని గమ్మునుంటిని."

దుకాణానికి ఆయన ఫోన్ చేయలేదు. నేనూ చెప్పలేదు. అక్కడే పదేళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. వీడ్కోలు రోజు యజమాని నా గురించి మాట్లాడుతూ, వారంటీ వస్తువు మీద చెయ్యి వేయని మనిషి అని నలుగురి ముందూ మెచ్చుకున్నాడు. ఫారాల మేడం ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. నాకు శాలువా కప్పి, సొరుగు ఖాళీ చేసుకోమన్నారు. నూనె సీసా అందులోనే ఉంది, నిండుగా.

ఆ మధ్య పుంగనూరులో బంధువుల ఇంట్లో పాత పెళ్లి సీడీ ఒకటి పెట్టారు. పెళ్లికూతురిది కుప్పం. అప్పగింతల దగ్గర పాట సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.  అందరూ లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు, నేను మాత్రం చివరిదాకా కూర్చున్నాను. ఆమె పేరు తిరుగుతూ వచ్చి, రెండు సెకన్లు నిలబడి, పోయింది. ఇంకోసారి వెయ్యమని అడగడానికి నాకు నోరు రాలేదు.